పదకొండూ నలభై రెండు

కాశిమేడులో గడ్డకట్టడమంటే
మాకు కొత్తేం కాదు.
ఉప్పునీళ్ల తొట్లలో డబ్బాలు దించి
ఇవాళ పోసిన నీళ్లని
రేపటికి రాయి చేసి అమ్ముకునే ఫ్యాక్టరీ మాది.
కానీ లెక్కల గదిలో
నా ల్యాప్‌టాప్ గడ్డకట్టడం
ఇదే మొదలు.

తొమ్మిదేళ్ల ముసలిది.
మూత కీలు విరిగితే
రొయ్యల సంచీకి చుట్టే రబ్బరు బ్యాండు వేశాను.
'ఎన్' మీట ఎప్పుడో ఊడిపోయింది,
ఆ గుంటలో గోటితో నొక్కుతాను.
నిన్న రాత్రి నన్నడక్కుండా
అప్‌డేట్‌కి ఒప్పేసుకుంది.
గంటంబావు గిరగిరా చుక్కలు.
పొద్దున్నే కొత్త రంగులతో లేచింది,
అరువు చీర కట్టుకుని
పేరంటానికి వచ్చినట్టు.

నాలుగు నిమిషాలు. అంతే.

బాణం పోలయ్య పేరు మీద ఆగిపోయింది.
పద్నాలుగు బార్లు, పాత బాకీ మూడు వేల నూటపది,
ఇంకా సేవ్ చెయ్యలేదు.
మూలన గడియారం పదకొండూ నలభై రెండు.
బయట ఐసు దంచే మిషను ఆగలేదు,
లాంచీలవాళ్ల అరుపులు ఆగలేదు,
నా టీలో ఈగ కూడా కాళ్లాడిస్తూనే ఉంది.
లోపల మాత్రం
పదకొండూ నలభై రెండే.
ఎందుకైనా మంచిదని
ఫోన్‌తో తెరని ఫొటో తీశాను.

బటన్ పది సెకన్లు అదిమి చంపాను.
లేపాను. పదకొండు నిమిషాలు బతికింది.
మళ్లీ చంపాను.
రిచీ స్ట్రీట్ కుర్రాడు ఫోన్లోనే తేల్చేశాడు:
"మదర్‌బోర్డు పోయిందక్కా, ఆరువేలు."
నాడి చూడకుండానే
పాడె ఖరీదు చెప్పే వైద్యుడు!

చందాల రసీదు వెనక రాసుకోవడం మొదలెట్టాను.
ఎప్పుడు ఆగింది, అప్పుడు ఏం తెరిచి ఉంది,
ఛార్జర్ ఉందా, ఫ్యాన్ మొత్తుకుంటోందా.
మెమొరీ ముక్క పీకి
పిల్లాడి రబ్బరుతో పళ్లు తోమి పెట్టాను.
లాభం లేదు.
సేఫ్ మోడ్‌లో మాత్రం
జావ తాగే రోగిలా నీరసంగా, మసగ్గా,
రెండు గంటలు కదలకుండా కూచుంది, సారీ,
కదులుతూ కూచుంది.
అంటే ఒళ్లు బాగానే ఉంది.
ఒంటికి పడనిదేదో
లోపలికొచ్చింది.

సాయంత్రం కరెంటు పోయి వైఫై పెట్టె ఆరింది.
ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఆడుతోంది.
అయిదు నిమిషాలు. పది. ఇరవై.
ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.
కరెంటొచ్చింది, వైఫై వెలిగింది,
బాణం బిగుసుకుంది.

దొరికావే దొంగా!

"డ్రైవర్ మారిపోయాడు దేశింగూ" అన్నాను
బార్లు ఈడ్చే కొక్కెంతో గుమ్మంలో నిలబడ్డవాడితో.
"నేను నెలనాడే చెప్పాగా అక్కా,
ఏళుమలైని తీసేసి కొత్తవాణ్ని పెట్టారు,
వాడికి సూరై నారాయణన్ వీధి మలుపే తిరగదు,
మొన్న వ్యాన్ని కాలవ గట్టు మీద ఆపి
సగం సరుకు కరగబెట్టాడు."
నేను చెప్పిన డ్రైవర్ అది కాదు.
విడమరిచి చెప్పబోయి మానేశాను,
వాడు చెప్పిందాన్లో తప్పేం ఉందని?

వైఫై ఆపి, లోపలి జాబితాలో దిగి
పేరు మీద నొక్కి, వెనక్కి అన్నాను.
"ఎందుకు వెనక్కి వెళ్తున్నారు?" అని అడిగింది.
అది ఇచ్చిన అయిదు కారణాల్లో
నాది లేదు.
ఏదో ఒకటి నొక్కాను.

ఎనిమిదేళ్ల కిందటి తారీఖుతో
పాతవాడు తిరిగొచ్చి కూచున్నాడు.
వైఫై వెలిగించాను.
గంట. గంటన్నర.
తెర మీద నిమిషాలు
తొట్టిలోంచి తీసిన బార్ల మాదిరి
ఒకదాని వెనక ఒకటి జారుతున్నాయి.

తెల్లారగట్ల మూడింటికి పోలయ్య వచ్చాడు.
ఫొటో చూసి పద్దు మళ్లీ ఎక్కిస్తున్నాను.
"పద్నాలుగు కాదక్కా, పదహారు" అన్నాడు వాడే,
"రెండు తర్వాత తీసుకుపోయా."
పదహారు కొట్టాను. సేవ్.
ఇంకోసారి సేవ్.

ఆ ఫొటో తుడిచెయ్యలేదు.
ఫోన్లో
ఇప్పటికీ పదకొండూ నలభై రెండే.